గట్టిపడనివ్వని చీజ్‌కేక్

మా ఇంటికి ఎయిర్ ఫ్రయర్ వచ్చింది మా ఆయన కొలెస్ట్రాల్ పుణ్యాన. నూనె లేకుండా మిరపకాయ బజ్జీలు చేసుకోవచ్చని ఆయన పనిచేసే స్కూల్లో ఎవరో చెబితే నమ్మి తెప్పించారు. మొదటి వాయిలో ఒకటి కొరికి చూసి, "వీటికంటే బజ్జీలు మానెయ్యడమే నయం" అని ప్లేటు నా వైపు జరిపారు. రెండు నెలలు ఆ మిషన్ బియ్యం డబ్బా మీద దుమ్ము పట్టి కూర్చుంది. ఆ తర్వాత నేనే దాన్ని కేకులకు దింపాను.

బోనకల్‌లో స్టేషన్‌కు దగ్గరగా మాది రెండు గదుల కిరాయి ఇల్లు. పెద్ద ఓవెన్ కొన్నా పెట్టుకునే చోటు లేదు. ఎయిర్ ఫ్రయర్ బుట్టలో ఆరంగుళాల గిన్నె మాత్రమే పడుతుంది కాబట్టి నా కేకులన్నీ చిన్నవే. మా చర్చికి వచ్చే ఒకావిడ నా చీజ్‌కేక్‌ను మొదటిసారి చూసి "గింతేనా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గింత వెనక ఎంత పని ఉందో ఆమెకేం తెలుసు?

ముందు రోజు సాయంత్రమే గడ్డపెరుగును పల్చటి గుడ్డలో మూట కట్టి వేలాడదీయాలి. నీళ్ళన్నీ కారిపోయాక మిగిలిన ముద్దను ఉండలు లేకుండా మెదపాలి. బిస్కెట్లు పొడి చేసి, కరిగిన వెన్న కలిపి, గిన్నె అడుగున గట్టిగా అదమాలి. పెరుగు ముద్దలో చక్కెర, గుడ్లు, చెంచాడు కార్న్‌ఫ్లోర్ కలిపి దాని మీద పోయాలి. పైన అల్యూమినియం రేకు కప్పడం మరచిపోకూడదు. ఆ మిషన్‌లో ఫ్యాన్ నెత్తి మీదే ఉంటుంది, రేకు లేకపోతే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. నూట యాభై డిగ్రీల మీద అరగంట. నడుమ ఇంకా కొంచెం వణుకుతుండగానే ఆపెయ్యాలి. ఇక అన్నిటికంటే కష్టమైన పని ఆ తర్వాత ఉంటుంది. చేతులు కట్టుకుని ఆగాలి. చల్లారనిచ్చి, చల్లటి చోట కనీసం నాలుగు గంటలు ఉంచాలి. అప్పుడే అది గట్టిపడి కోతకు నిలబడుతుంది.

ఈ నాలుగు గంటల సంగతి నేను ఒక మనిషికి ఫోన్‌లో మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆయన "అర్థమైంది మేడం" అన్నాడు.

ఆయన ఖమ్మంలో ఒక స్వచ్ఛంద సంస్థకు కోఆర్డినేటర్. నా కేకు ఎవరి పుట్టినరోజులోనో తిన్నాడట. పల్లెటూరి ఆడవాళ్ళకు చేతిపనులు నేర్పిస్తామని పరిచయం చేసుకున్నాడు.

"ఒక్కరోజు ట్రైనింగ్ మేడం. ఏన్కూరు అవతల అడవి పక్క తండాల. మీ ఎయిర్ ఫ్రయర్ తెచ్చి, వాళ్ళతోని చీజ్‌కేక్ చేపియ్యాలె."

"తండాలో చీజ్‌కేక్ ఎందుకు సార్? రాగి బిస్కెట్లు చేపిద్దాం. నాలుగు రోజులు నిల్వ ఉంటయి, అమ్ముకోనీకి గూడ వీలయితది."

"బిస్కెట్లు అందరు చేపిస్తున్నరు మేడం. జర కొత్తగ ఉండాలె. మా పెద్దసారు హైదరాబాద్ నుంచి వస్తుండు. ఫొటోల మంచిగ కనబడాలె."

పెద్దసారు అంటే ఆ సంస్థను నడిపే మనిషి. ఆ ఫొటో మాట విన్నప్పుడే నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఉన్నమాట చెప్పాలంటే నేను లోపల పొంగిపోతున్నాను. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన నన్ను ఒకరు ట్రైనర్‌గా రమ్మని పిలవడం అదే మొదటిసారి.

"అది గట్టిపడాలంటే నాలుగు గంటలు పడ్తది సార్. మరి ఫ్రిజ్ ఉందా అక్కడ?"

"సారు వచ్చేది సాయంత్రం ఐదింటికి. మీరు తొమ్మిదింటికి మొదలువెట్టుర్రి. ఐస్ డబ్బా నేను తెస్త. పరేషాన్ గాకుర్రి."

నేను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. సరిపోతుంది. పెరుగు మాత్రం ముందురోజే మూట కట్టించమని చెప్పాను. అది కూడా అర్థమైందన్నాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఎయిర్ ఫ్రయర్‌ను పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. ఖమ్మంలో బస్సు మారాను. "ఏందమ్మా, టీవీనా?" అని కండక్టర్ అడిగాడు. చెబితే నమ్మలేదు. ఏన్కూరు దాటాక ఆటో. మిరప కళ్ళాల ఘాటుకు తుమ్ముకుంటూ తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే తండా చేరాను. సంఘం హాలు ముందు ఇరవై మంది దాకా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. హాలుకు తాళం వేసి ఉంది. తాళంచెవి కోఆర్డినేటర్ దగ్గర ఉందట. ఆయన ఇంకా రాలేదు.

అందరిలోకీ ముందు నా దగ్గరికి వచ్చింది ఒక పెద్దావిడ. యాభై ఐదేళ్ళుంటాయి. మోకాళ్ళ నొప్పులేమో, మెల్లగా అడుగులు వేస్తోంది. చేతిలో తెల్లగుడ్డ కప్పిన స్టీలు గిన్నె ఉంది.

"కేకులామెవు నువ్వేనా చెల్లె? పెరుగు మూట కట్టమన్నరు. నిన్న కొట్టంల దూలానికి కట్టిన. నీళ్ళు కారుడు బంద్ అయినంకనే విప్పిన. గిది సరిపోద్దా?"

గుడ్డ తీసి చూశాను. నేను లీటరు ప్యాకెట్ పెరుగు కడితే రెండు పిడికిళ్ళు మిగులుతుంది. ఆమె గిన్నె నిండా తెల్లటి ముద్ద, చెంచా గుచ్చితే అలాగే నిలబడింది. ఒక్క కేకుకని చెబితే రెండు కేకులకు సరిపడా తెచ్చింది.

"గింత చిక్కగ ఎట్ల వచ్చిందక్కా?"

"బర్లు ఏం మేస్తయో దాన్ని బట్టి ఉంటది. మావి అడవిల తిరిగొస్తయి గద," అని నవ్వి, వెనక నిలబడ్డ కోడలికి వాళ్ళ లంబాడీ భాషలో ఏదో చెప్పింది. ఆ కోడలు పరుగున వెళ్ళి కోడిగుడ్లు, ఇంట్లో తీసిన వెన్న, కొత్త సబ్బుబిళ్ళ పట్టుకొచ్చింది.

కోఆర్డినేటర్ పదిన్నరకు జీపులో దిగాడు. ఆలస్యం ఎందుకైందో చెప్పలేదు. మైకుసెట్టు దింపించాడు, బ్యానర్ కట్టించాడు, తర్వాత తాళం తీశాడు. నేను ఐస్ డబ్బా మూత ఎత్తి చూశాను. నిండా కూల్‌డ్రింక్ సీసాలు.

"ఇవి సారు వాళ్ళకు మేడం. జర జరిపి జాగ చేద్దాం."

పని మొదలుపెట్టాం. అందరూ చుట్టూ చేరారు గాని చేతులు పెట్టింది ఆ పెద్దావిడే. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. గిన్నె కడిగింది, గరిటె కడిగింది, నేను ఇంట్లో కడిగి తెచ్చిన, చుట్టూ రింగు ఊడివచ్చే కేకు టిన్నును కూడా మళ్ళీ కడిగింది. పావుకిలో పెరుగు ముద్ద కావాలన్నాను. ఆమె చేత్తో తీసి నా చిన్న త్రాసులో వేస్తే రెండు వందల నలభై ఐదు గ్రాములు చూపించింది. "పాలు కొలిచి కొలిచి చెయ్యికి తెలుస్తది," అంది. బిస్కెట్ పొడిని టిన్ను అడుగున ఆమె అదిమిన తీరు చూసి నేనే నేర్చుకున్నాను. నేను గ్లాసు అడుగుతో అదుముతాను. ఆమె అలుకు సరిచేసినట్టు నాలుగు వేళ్ళతో నిమిరింది, ఎక్కడా ఎత్తుపల్లం లేదు.

మిషన్ ప్లగ్గు పెట్టి ఐదు నిమిషాలైందో లేదో హాల్లో కరెంటు పోయింది. ఆ హాలుకు ఉన్నది ఒకే సన్నటి లైను. మైకుసెట్టు, రెండు కూలర్లు, నా మిషన్ అన్నీ దాని మీదే. ఫ్యూజు వేశారు, మళ్ళీ పోయింది.

"సార్, అరగంట మైకు బంద్ పెట్టండి," అన్నాను.

"మైకు బంద్ చేస్తే ఎట్ల మేడం? ప్రోగ్రాం నడుస్తున్నట్టు ఉండద్దా?"

అక్కడ ప్రోగ్రాం అంటే నా ముందున్న ఆ గిన్నె కాదా? మైకులో పాటలు వస్తున్నాయి, వినేవాళ్ళు ఎవరూ లేరు. చివరికి పెద్దావిడే లేచి రెండు కూలర్ల ప్లగ్గులూ పీకేసింది. ఉక్కపోతలో కొంగులతో విసురుకుంటూ అందరూ కూర్చున్నారు గాని ఎవరూ బయటికి పోలేదు. ఆగి ఆగి నడిచినా పన్నెండుకు పావుగంట ముందు కేకు దిగింది. రేకు తీసి టిన్ను అంచు మీద వేలితో తట్టాను. అంచులు గట్టిగా ఉన్నాయి, నడుమ వణికింది. ఎలా ఉండాలో సరిగ్గా అలాగే ఉంది.

"ఇగ సాయంత్రం దాక దీన్ని ఎవరు ముట్టొద్దక్కా," అన్నాను.

"బాలింత లెక్క చూసుకుంట తియ్," అంది పెద్దావిడ. అందరూ నవ్వారు.

పది నిమిషాలు కాలేదు, బయట కార్ల హారన్లు. కోఆర్డినేటర్ ఉరుకుతూ వచ్చాడు.

"మేడం, సారొచ్చిండు. కేకు జల్దీ స్టేజీ మీద పెట్టుర్రి."

"ఐదింటికన్నారు కదా?"

"సారు భద్రాచలం పోతుండు మేడం, దర్శనానికి. పోయేటప్పుడే ఆగుతనని నిన్న మాపటికే చెప్పిండు."

నిన్న సాయంత్రమే! నా ఫోన్ నంబరు ఆయన దగ్గర ఉంది. ఒక్క మాట చెప్పి ఉంటే ఇంటి దగ్గర చేసి గట్టిపడ్డ కేకు ఒకటి పట్టుకొచ్చేదాన్ని. లేదా రాగి బిస్కెట్లే చేయించేదాన్ని. చెప్పాలని ఆయనకు తోచలేదు. తాళంచెవి కోసం ఎండలో గంటన్నర కూర్చున్న ఇరవై మందికీ చెప్పాలని తోచలేదు.

నేను టేబుల్‌కు అడ్డంగా నిలబడ్డాను. "ఫొటో కావాలంటే ఇట్లనే తీసుకోండి సార్. కోస్తే మాత్రం నిలబడదు."

"కొయ్యకుండ ఫొటో ఏంది మేడం?" అని నా పక్క నుంచి చెయ్యి పోనిచ్చి టిన్ను ఎత్తుకుపోయాడు. ఇంకా వేడిగా ఉండటంతో చెయ్యి కాలి, దారిలో ఎవరి కండువానో అడిగి పట్టుకున్నాడు.

పెద్దసారు తెల్లచొక్కా, నవ్వు మొహం. నమస్కారాలు పెట్టాడు, పెట్టించుకున్నాడు. రిబ్బను కట్టిన చాకు తెచ్చి పెద్దావిడ చేతికిచ్చారు. ఆమె నా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి మెల్లగానే అంది.

"సారూ, ఇది ఇంక చల్లగ కాలే. ఆమె మాపటిదాక ఆగమన్నది."

"పర్వాలేదమ్మా, కానివ్వు. టైము లేదు."

కోఆర్డినేటర్ టిన్ను పక్కనున్న కొక్కెం లాగి చుట్టూ ఉన్న రింగు తీసేశాడు. అంతే. కేకు ముందు కొంచెం ఉబ్బినట్టై, ఒక వైపు కుంగి, ప్లేటు దాటి టేబుల్ గుడ్డ మీదికి జారింది. చాకు పట్టుకున్న ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఫొటోలు మాత్రం ఆగలేదు.

"ఇదేంటమ్మా, కేకా, పెరుగన్నమా?" అన్నాడు పెద్దసారు.

ఆయన వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వారని తండా ఆడవాళ్ళలో కొందరు కూడా నవ్వారు. పెద్దావిడ చాకును టేబుల్ మీద పెట్టి, శుభ్రంగా ఉన్న చేతుల్ని కొంగుకు తుడుచుకుంది. ఆమె కోడలు తల దించుకుంది. అప్పుడు ఆయన మైకు తీసుకుని, శ్రద్ధగా నేర్చుకోవాలనీ, కొలతలూ శుభ్రతా ముఖ్యమనీ, అవకాశాలు వచ్చినప్పుడు వాడుకోవాలనీ చెప్పాడు.

శుభ్రత గురించి! నా టిన్నును రెండోసారి కడిగిన మనిషికి! నేను ముందుకు వెళ్ళి గట్టిగానే అన్నాను. "సార్, ఆమె తప్పేం లేదు. కొలత తప్పలేదు, శుభ్రత తప్పలేదు. నాలుగు గంటలు ఆగాల్సింది, మీరు పది నిమిషాలు ఆగలేదు." కోఆర్డినేటర్ మైకు అందుకుని "సమయాభావం వల్ల" అని మొదలుపెట్టాడు. నేనన్నది మూడో వరుస దాకా కూడా వినబడి ఉండదు.

చివర్లో కొత్త ఎయిర్ ఫ్రయర్ డబ్బా ఒకటి తెచ్చి పెద్దావిడ చేతుల్లో పెట్టారు. తండా ఆడవాళ్ళకు సంస్థ ఇస్తున్న కానుక అని మైకులో చెప్పారు. చప్పట్లు, ఫొటో. కార్లు కదిలాక కోఆర్డినేటర్ ఆ డబ్బాను ఆమె చేతుల్లోంచి తీసుకుని జీపులో పెట్టించాడు. ముందు ఆఫీసులో ఎంట్రీ చేయించాలట, తర్వాత పంపుతారట.

నేను నోరు తెరిచి చూస్తుండిపోయాను. పెద్దావిడ నా భుజం తట్టింది.

"గింత దానికే గట్ల చూస్తవేంది చెల్లె? పోయినేడు కుట్టుమిషన్ గూడ గిట్లనే ఇచ్చిన్రు. గిట్లనే తీస్కపోయిన్రు."

జీపుతో పాటే మైకుసెట్టు, బ్యానరు, ఐస్ డబ్బా అన్నీ వెళ్ళిపోయాయి. నా మిషన్ మాత్రం నాది కాబట్టి ఉంది. ఆమె గిన్నెలో ఇంకో కేకుకు సరిపడా పెరుగు ముద్ద మిగిలే ఉంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఆమె మాత్రం టేబుల్ గుడ్డ తీసి, టిన్ను కడిగి, "మల్ల చేద్దామా? ఇప్పుడు కరెంటుకు పోటీ ఎవరు లేరు," అంది.

చేశాం. ఈసారి ఫ్యూజు ఒక్కసారి కూడా పోలేదు. కేకు దిగేసరికి నా బస్సు వేళైంది. చల్లారాక ఎక్కడ పెట్టాలో, రింగు ఎప్పుడు తియ్యాలో చెప్పి, టిన్నుతో సహా ఆమెకే వదిలేసి వచ్చాను. తండా మొదట్లో కిరాణా కొట్టతని ఫ్రిజ్‌లో పెట్టిస్తానంది.

మర్నాడు పొద్దున ఫోన్ చేసింది.

"గట్టిగ నిలవడ్డది చెల్లె. దారం పెట్టి కోసినం, పద్నాలుగు ముక్కలు. నిన్న నవ్వినోళ్ళకే ముందు పెట్టిన."

"ఎట్లుందక్కా?"

"చక్కెర ఎక్కువైంది. నా పెరుగు రుచి నాకే తెలుస్తలేదు."

కేకు కుంగినప్పటినుంచి నాకు అప్పుడే మొదటిసారి నవ్వొచ్చింది. ఆమె అన్నది నిజమే. అప్పటినుంచి నేను చక్కెర మూడో వంతు తగ్గించాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. వారానికి కోఆర్డినేటర్ నా ఫోన్‌కు ఒక రిపోర్టు పంపాడు, కింద ట్రైనర్ సంతకం చేసి పంపమని. అందులో ఇలా ఉంది: కొలతలు, పరిశుభ్రతపై లబ్ధిదారులకు అవగాహన లేనందున ఆశించిన ఫలితం రాలేదు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. వెంటనే ఫోన్ చేశాను.

"ఇది అబద్ధం సార్. నేను సంతకం పెట్టను."

"అది రొటీన్ మేడం. ఏదో ఒక కారణం రాయాలె గద."

"అయితే నిజం కారణం రాయండి. తాళంచెవి మీరు ఆలస్యంగా తెచ్చిన్రు. ఐస్ డబ్బాల సీసాలు పెట్టిన్రు. సారు ముందే వస్తడని తెలిసి నాకు చెప్పలే."

"నా మీద నేనే రాసుకోవాల్నా మేడం?"

"అవ్. ఆమె మీద రాసినప్పుడు చెయ్యి ఎట్లొచ్చింది మీకు?"

"మీకు కోపం జాస్తి మేడం. గిట్లయితే మళ్ళ పిలవరు," అన్నాడు. పిలవద్దన్నాను. మా ఆయన పక్కనుంచి వింటూ, "పోనీలే, నీ పేరు మీద ఏం రాయలేదుగా," అన్నారు. ఆయన మంచికే అన్నారు, కానీ ఆ పూట ఆయనతో మాట్లాడలేకపోయాను. నా పేరు మీద రాయకపోవడమే కదా నా బాధ. కేకు ఎందుకు కుంగిందో చెప్పడానికి వాళ్ళకు అక్కడ ఎదురు మాట్లాడలేని మనిషే దొరికింది.

ఆ రోజు ఏం జరిగిందో గంటల వారీగా ఒక పేజీ రాశాను. త్రాసులో వచ్చిన గ్రాములతో సహా. కింద సంతకం పెట్టి రిజిస్టర్ పోస్టులో వాళ్ళ ఆఫీసుకు పంపాను. జవాబు రాలేదు. కొత్త ఎయిర్ ఫ్రయర్ కూడా తండాకు రాలేదు.

వేసవిలో ఆయనే మళ్ళీ ఫోన్ చేశాడు, చాలా మర్యాదగా. సంస్థ పుస్తకం వేస్తోందట. ఆ తండాలో తర్వాత మంచి కేకు చేశారని తెలిసిందట, దాని ఫొటో ఉంటే పంపమన్నాడు. నేను పెద్దావిడను లైన్‌లో కలిపాను. ఆమె అంతా విని చెప్పింది.

"ఫొటో లేదు సారూ. తిన్నం."

ఆమె మళ్ళీ చీజ్‌కేక్ చేయలేదు. మిషన్ లేకుండా ఎలా చేస్తుంది? నా టిన్ను మాత్రం ఆమె కోడలు ఖమ్మం ఆస్పత్రి పని మీద వచ్చినప్పుడు తెచ్చి, బస్టాండులో నా చేతికిచ్చింది, లోపల చిన్న డబ్బాలో నెయ్యి పెట్టి.

ఇప్పుడు ట్రైనింగ్‌కు రమ్మని ఎవరైనా ఫోన్ చేస్తే, కేకు సంగతి తర్వాత, ముందు రెండు మాటలు అడుగుతున్నాను. హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మీరు ఇస్తామన్న మిషన్ ఆ సాయంత్రం ఎవరి ఇంట్లో ఉంటుంది? ఇప్పటికి ఇద్దరు ఫోన్ పెట్టేశారు. మూడో ఫోన్ చేసిన ఒకావిడ మాత్రం, "తాళంచెవి ఊరివాళ్ళ దగ్గరే అమ్మా, మిషన్ సంగతి కాగితం మీద రాసిస్తాం," అంది. వచ్చే నెల వేంసూరు వెళ్తున్నాను. రాగి బిస్కెట్లు చేయిస్తానని ముందే చెప్పేశాను.